చెల్లనివి ఏడు

కోటవీధిలో, వలల కొట్టు మీదున్న పెళ్ళిళ్ళ హాల్లో
మా పార్టీ మొట్టమొదటిసారి మమ్మల్ని అడిగింది:
మేయరుకి ఎవర్ని నిలబెడదాం?
ఇన్నాళ్ళూ ఆ పేరు పైనుంచి కవర్లో వచ్చేది.
మేం పూలదండ కొనేవాళ్ళం.

ఓట్ల పెట్టెకి కాపలా నేను.
పెట్టె అంటే బిస్కెట్ల డబ్బా, మూతకి కత్తితో పెట్టిన గాటు.
ముప్పై ఒక్క ఏళ్ళు టగ్గు మీద సరంగుని,
లెక్క తప్పడని నాకిచ్చారు.

ముందు గొంతిన సూర్యారావు లేచాడు.
నాలుగుసార్లు కార్పొరేటరు. మోకాళ్ళు మాట వినవు,
మైకు స్టాండునే చేతికర్రలా పట్టుకున్నాడు.
ఏ ఫైలు ఏ బీరువాలో నిద్రపోతుందో
ఏ ఇంజనీరుకి ఏ పూట కోపం దిగుతుందో
కంఠతా వచ్చినవాడు.
"తుఫాను వెళ్ళిన మూడోరోజుకి మీ వీధికి నీళ్ళ ట్యాంకరొచ్చింది.
ఎలా వచ్చిందో అడక్కండి.
వచ్చింది."

తర్వాత పిరిడి సుజన.
పార్టీ కార్డుకి ఎనిమిది నెలల వయసు.
నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం మానేసి వచ్చిన పిల్ల.
మాట్లాడలేదు. సంచి విప్పింది.
నలభై డాబాల మీద రాత్రి పరిచి
తెల్లారి తీసిన చేతిరుమాళ్ళు,
పేకముక్కల్లా బల్ల మీద పేర్చింది.
అన్నీ తెల్లవేనట, పరిచినప్పుడు.
"ఇది చేపల రేవు వెనకసందు. ఇది రైలుకట్ట పక్కది.
ఇది మన సూర్యారావు మావయ్యగారి డాబా."
హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు,
అందరికంటే ముందు ఆపేశాడు.

"బొగ్గుగుట్టల మీద టార్పాలిన్లు కప్పించింది నేనేనమ్మా.
సగానికే. మొత్తం అడిగుంటే ఆ సగమూ రాదు."
"ఊపిరి సగమే పీల్చడం ఎలాగో
అది కూడా నేర్పండి మావయ్యా."

కుర్రాళ్ళ ఈలలు. పెద్దాళ్ళ చూపులు నేల మీద.
మరిపి నర్సమ్మ నా చెవిలో అంది:
"గుంట మాట బాగుంది గానీ, రేపు కమీషనరు గదిలోకెల్తే
దీనికి కుర్సీ ఏస్తాడేటి?"
వెనక వరసలోంచి ఎవరో:
"ఈయనకి నాలుగుసార్లు ఏసినాడు. కూకున్నాడు.
లేసినాడేటి?"

డాల్ఫిన్ నోస్ కింద, హార్బరు మూతి దగ్గర
ఎంత పెద్ద ఓడైనా ఆగుతుంది.
తాడు నిచ్చెన ఎక్కి పైలట్ వచ్చేదాకా
కెప్టెను గడ్డం గోక్కుంటూ నిలబడాల్సిందే.
నీళ్ళకింద ఇసక ఎక్కడుందో పైలట్‌కే తెలుసు.
బతుకంతా ఇదే నమ్మాను.
కానీ ఇసకకి కాళ్ళుంటాయి. ప్రతి వానాకాలం జరుగుతుంది.
ఇరవయ్యేళ్ళ కిందటి ఇసకని అప్పజెప్పే పైలట్లనీ చూశాను,
మొదటి నెల్లోనే ఓడ పక్కటెముకల్ని గట్టుకేసి రుద్దిన
కొత్త కుర్రాణ్ణీ చూశాను.
ఆ ఓడని లాగి తెచ్చింది నా టగ్గే.
రెండూ చూడటమే నా జబ్బు.

సూర్యారావు రెండొందల పన్నెండు.
సుజన రెండొందల ఏడు.
చెల్లనివి ఏడు.
రెండు ఖాళీవి. మూడింటికి రెండు పేర్ల దగ్గరా టిక్కు.
ఒకదాని మీద ఎవరో "టీ చల్లారిపోయింది" అని రాశారు.
ఇంకొకటి:
ఆయన పేరు దగ్గర టిక్కు, కొట్టివేత. ఆమె పేరు దగ్గర టిక్కు,
కొట్టివేత. మళ్ళీ ఆయన. మళ్ళీ...
కాగితం చిరిగిపోయింది అక్కడ.
పార్టీ అందరికీ నీలం పెన్నులిచ్చింది.
ఆ గీతలు ఆకుపచ్చవి.
జేబులో నా పెన్నుని లోపలికి నొక్కుకున్నాను.

దండతో మెట్లు దిగుతూ సూర్యారావు మలుపులో ఆగాడు,
మోకాళ్ళ కోసం అనుకున్నాం.
రుమాళ్ళు మడతపెట్టుకుని దిగుతోంది సుజన.
"మా డాబాది ఇటియ్యమ్మా."
ఇచ్చింది.
అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏదో అనబోయాడు.
ఉక్క, జనం, దండ బరువు.
అలవాటు కొద్దీ దాంతోనే నుదురు తుడుచుకున్నాడు.

కింద టపాసులు మొదలయ్యాయి.
కనుబొమల మీద నల్లటి చారతో
చేతులెత్తి నమస్కారాలు పెడుతూ వెళ్ళాడు.
ఎవరూ చెప్పలేదు.
నేనూ చెప్పలేదు.